పిచ్చాసుపత్రిలో ఉన్నవాడు కథ చెప్తే నమ్మాలా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మనిషి గురించి మాట్లాడుకుందాం. ఆ మనిషి నిజంగా లేడు, ఒక నవలలో పాత్ర. కానీ ఆయన విషయంలో మనం వేసుకోవాల్సిన ప్రశ్న మన ఇళ్ల దాకా వస్తుంది. అందుకే ఈ టాపిక్ తీసుకున్నాను.

నవల పేరు 'వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్'. రాసింది కెన్ కీజీ అనే అమెరికన్ రచయిత. 1962లో వచ్చింది. పేరులో ఉన్న కకూ ఒక పక్షి. అక్కడి వాడుక భాషలో పిచ్చివాణ్ణి కూడా కకూ అంటారు. అంటే కకూల గూడు అంటే పిచ్చాసుపత్రి అన్నమాట. మీలో చాలామంది దీన్ని సినిమాగా చూసే ఉంటారు. 1975లో మిలోష్ ఫోర్మన్ తీశాడు, జాక్ నికల్సన్ హీరో. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు పెద్ద ఆస్కార్లూ దానికే వచ్చాయి.

ముందే చెప్తున్నా, చివరిదాకా మొత్తం కథ చెప్పేస్తాను. స్పాయిలర్లు వద్దనుకునేవాళ్లు నవల చదివేసి రండి, నేనెక్కడికీ పోను.

సినిమా చూసినవాళ్లకి హీరో మెక్‌మర్ఫీ గుర్తుంటాడు. జైల్లో పని తప్పించుకోవడానికి పిచ్చివాడిలా నటించి ఆసుపత్రికి వస్తాడు. అక్కడ నర్స్ రాచెడ్‌తో తలపడతాడు. సినిమా మొత్తం వీళ్లిద్దరిదే. నవలలో మాత్రం ఈ కథ మనకి చెప్పేది ఇంకో మనిషి. పేరు బ్రోమ్‌డెన్. అందరూ చీఫ్ అంటారు. అమెరికా మూలవాసి తెగలో నాయకుడి కొడుకు. తల్లి తెల్లజాతి స్త్రీ. బ్రోమ్‌డెన్ అన్నది కూడా తల్లి వైపు ఇంటిపేరే. ఆరున్నర అడుగుల పైన ఎత్తుంటాడు. వార్డులో రోజంతా ఊడుస్తూ ఉంటాడు కాబట్టి 'చీఫ్ బ్రూమ్' అని ఎగతాళి చేస్తారు. చీపురు దొర అన్నట్టు.

ఇంకో విషయం. ఆయనకి చెవుడు, మూగ అని ఆసుపత్రి మొత్తం నమ్ముతుంది. నిజానికి అన్నీ వినిపిస్తాయి, మాట్లాడగలడు కూడా. ఏళ్ల తరబడి నటిస్తున్నాడు, అంతే. సినిమాలో ఈ సంగతి సగం దాటాక ఒక సర్‌ప్రైజ్‌లా తెలుస్తుంది. నవలలో మనకి మొదటి పేజీల్లోనే తెలిసిపోతుంది. ఎందుకంటే ఆ గుట్టు మనకొక్కరికే చెప్తున్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు ఇది. ఈయన రెండో ప్రపంచ యుద్ధం అయినప్పటి నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. రెండు వందలకి పైగా కరెంటు షాకులు తిన్నాడు. నయమయ్యే ఆశ లేని 'క్రానిక్స్' లిస్టులో వేశారు. పైగా గోడల్లో మెషీన్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుందంటాడు. వార్డులోకి పొగమంచు వదులుతున్నారంటాడు. దేశాన్నంతా ఒక పెద్ద యంత్రం నడుపుతోందనీ, మనుషులందర్నీ ఒకే అచ్చులో పోయడమే దాని పని అనీ అంటాడు. దానికి ఆయన పెట్టిన పేరు 'కంబైన్'. మన పొలాల్లోకొచ్చే కోత మిషన్‌ని కంబైన్ హార్వెస్టర్ అంటాం చూడండి, అదే మాట. నాలుగు కంపెనీలు కుమ్మక్కైతే దాన్ని కూడా ఇంగ్లీషులో కంబైన్ అనే అంటారు. రెండర్థాలూ ఇక్కడ సరిపోతాయి.

మరి ఇలాంటి మనిషి చెప్పే కథని నమ్మాలా, వద్దా?

సాహిత్యంలో దీనికి ఒక పేరుంది. నమ్మదగని కథకుడు, 'అన్‌రిలయబుల్ నేరేటర్' అంటారు. ఈ మాటని వేన్ బూత్ అనే విమర్శకుడు 1961లో తన పుస్తకంలో వాడాడు. అంటే ఈ నవల రావడానికి సరిగ్గా ఏడాది ముందు. ఆ టెక్నిక్ మాత్రం చాలా పాతది. 1835లోనే రష్యాలో గోగోల్ ఒక పిచ్చివాడి డైరీ రాశాడు. అందులో గుమాస్తా రాసుకునే తేదీలు ముందు మామూలుగా ఉంటాయి. తర్వాత ఏప్రిల్ 43 అని వస్తుంది. ఆ తేదీ చూడగానే మనకి అర్థమైపోతుంది, మనిషి గాడి తప్పాడని. గోగోల్ పని సులువు, నమ్మాలా వద్దా అన్న డౌట్ మనకి ఉంచలేదు.

కీజీ అలా చేయలేదు. బ్రోమ్‌డెన్ చెప్పే ప్రతి పేజీలో ఒక అసాధ్యమైన విషయం, ఒక పచ్చి నిజం పక్కపక్కన కూర్చుంటాయి. అందుకే నేనొక పద్ధతి చెప్తాను. 'ఈయనకి పిచ్చా కాదా' అన్న ప్రశ్న కాసేపు పక్కన పెడదాం. ఆయన చెప్పిన మాటల్ని మూడు డబ్బాల్లో వేద్దాం. జరగడానికి వీల్లేనివి మొదటి డబ్బా. చెవులారా విన్నవి, సరిచూసుకోగలిగినవి రెండోది. మనుషుల మీద ఆయన ఇచ్చే తీర్పులు మూడోది.

మొదటి డబ్బా. ముందు పొగమంచు సంగతి చూద్దాం.

వార్డులో ఫాగ్ మెషీన్ లేదు. దానికి డిస్కషన్ కూడా అక్కర్లేదు. కానీ ఆ పొగ ఎప్పుడు వస్తుందో గమనించండి. ఆయనకి భయం వేసినప్పుడు వస్తుంది. వార్డులో ఎవరో ఒకర్ని అందరి ముందు నిలబెట్టి సిగ్గు తీస్తున్నప్పుడు వస్తుంది. ఇంకో విచిత్రం, ఆ పొగలో తప్పిపోవడం ఆయనకి హాయిగానే ఉంటుంది. దాంట్లో ఉంటే ఎవరికీ కనపడనక్కర్లేదు, ఏదీ తేల్చుకోనక్కర్లేదు. మెక్‌మర్ఫీ వచ్చి అందర్నీ బయటికి లాగుతుంటే ఆయనకి మొదట చిరాకేస్తుంది.

ఈ పొగ ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనే చెప్తాడు. యుద్ధంలో విమానాల స్థావరం దగ్గర శత్రువులకి కనపడకుండా మెషీన్లతో పొగ వదిలేవాళ్లట. ఇదేమీ కల్పన కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు నిజంగానే పొగ యంత్రాలు వాడాయి. 1944లో ఇటలీలోని ఆన్జియో తీరంలో రేవుని జర్మన్ల కంటికి కనపడకుండా పొగతో కప్పి ఉంచారు. అంటే ఆ మెషీన్ ఒకప్పుడు ఆయన జీవితంలో ఉన్నదే. ఇప్పుడు వార్డులో లేదు. దాన్ని చూసిన భయం మాత్రం ఆయన ఒంట్లో ఇంకా ఉంది.

రెండో ఉదాహరణ. ఒకసారి నర్సు ఇచ్చిన క్యాప్సూల్‌ని పగలగొట్టి చూస్తాడు. లోపల సన్నటి వైర్లు, చిన్న చిన్న పార్టులు కనిపిస్తాయి. గాలి తగిలి తెల్లపొడి అయిపోతాయి. ఈయన సైన్యంలో ఎలక్ట్రానిక్స్ పని నేర్చుకున్నవాడు. భయం ప్రతి మనిషికీ తనకొచ్చిన భాషలోనే వస్తుంది. మన పల్లెల్లో ఇలాంటి మనిషికే చేతబడి కనిపిస్తుంది. ఇవాళ మన వయసువాళ్లకైతే ఫోన్ హ్యాక్ అయిందనిపిస్తుంది, ఎవరో కెమెరాలోంచి చూస్తున్నారనిపిస్తుంది. జబ్బు అదే, సామాన్లు వేరు.

మూడోది నాకు బాగా గుర్తుండిపోయిన సీన్. ఒక రాత్రి డార్మెటరీ నేల మొత్తం లిఫ్ట్‌లా కిందికి దిగిపోతుంది. కింద ఒక ఫ్యాక్టరీ. పనివాళ్లు వచ్చి బ్లాస్టిక్ అనే ముసలి పేషెంట్‌ని కొక్కేనికి తగిలించి కోస్తారు. రక్తం రాదు. తుప్పు, బూడిద రాలతాయి. అప్పుడు నైట్ డ్యూటీ మనిషి వచ్చి లేపి, పీడకల వచ్చినట్టుందంటాడు. సరే కల అనుకుంటాం. కానీ ఆ రాత్రే బ్లాస్టిక్ నిజంగా చనిపోయాడు. దుప్పటి కప్పి తీసుకుపోతారు.

ఫ్యాక్టరీ అబద్ధం. చావు నిజం. ఏళ్ల తరబడి ఒక మనిషి మంచం మీద తుప్పు పట్టిపోవడం కూడా నిజమే కదా? రికార్డులో ఆ సంగతి ఎక్కడా ఉండదు, ఈయన కలలోనే ఉంది.

ఇక ఈ డబ్బాలో ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. టీవీలో బేస్‌బాల్ మ్యాచ్ చూడటానికి టైమ్‌టేబుల్ మార్చాలని మెక్‌మర్ఫీ ఓటింగ్ పెట్టిస్తాడు. గెలవడానికి ఇంకొక్క చెయ్యి కావాలి. బ్రోమ్‌డెన్ చెయ్యి లేస్తుంది. మొదట ఏమంటాడంటే, మెక్‌మర్ఫీ తన చేతికి ఏవో వైర్లు కట్టి పైకి లాగుతున్నాడంటాడు. అంతలోనే తనే ఆగుతాడు. లేదు, అది నిజం కాదు, ఎత్తింది నేనే అని ఒప్పుకుంటాడు.

చూశారా? మనం ఈయన్ని అనుమానిస్తూ చదువుతుంటే, ఆయన తనని తానే చెక్ చేసుకున్నాడు. మెషీన్ మీదికి తోసేస్తే బాధ్యత ఉండదు. నేనే ఎత్తాను అంటే రేపు నర్సుకి సమాధానం చెప్పుకోవాలి. ఆయన రెండోది ఎంచుకున్నాడు. నా దృష్టిలో నవల మొత్తం మలుపు తిరిగింది అక్కడే.

రెండో డబ్బాకి వద్దాం. చెవులారా విన్నవి.

చెవిటివాడనుకుని ఈయన్ని స్టాఫ్ మీటింగ్ జరిగే గదిలో కూడా తుడవడానికి పంపిస్తారు. డాక్టర్లు, నర్సు ఆయన ముందే అన్నీ మాట్లాడేస్తారు. మెక్‌మర్ఫీని వేరే వార్డుకి పంపేద్దామని డాక్టర్లంటే, వద్దు, ఇక్కడే ఉంచుదాం, టైమ్ మన చేతిలోనే ఉంది అన్నట్టు నర్స్ రాచెడ్ వాదిస్తుంది. ఆ తర్వాత కథ సరిగ్గా అలాగే నడుస్తుంది. అంటే విన్న మాటలు చెప్పడంలో ఈయన పక్కా సాక్షి. వార్డులో ఎవరికీ తెలియనివి ఈయనకే తెలుసు.

మరి చెవిటివాడిలా నటించడం ఎందుకు మొదలుపెట్టాడు? దానికి ఆయన చిన్నతనంలోకి వెళ్లాలి. వాళ్ల ఊరు కొలంబియా నది ఒడ్డున, జలపాతం దగ్గర. ఆయనకి పదేళ్లప్పుడు డ్యామ్ పని మీద ముగ్గురు వస్తారు. ఇంటి ముందే నిలబడి వాళ్ల ఇంటిని, వాళ్ల బతుకుని తక్కువ చేసి మాట్లాడుకుంటారు. పిల్లాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. వాళ్లకి అది వినపడనే వినపడదు. అక్కడొక కుర్రాడున్నాడన్న స్పృహే లేదు వాళ్లకి. అంటే ఈయన చెవిటివాడిలా ఉండటం తర్వాత మొదలైంది. జనం ఈయన్ని చెవిటివాడి కింద లెక్కకట్టడం అంతకుముందే మొదలైంది.

ఇది పిచ్చివాడి ఊహ అనిపిస్తే నవల మూసేసి చరిత్ర తెరవండి. కొలంబియా నది మీద సెలైలో అనే జలపాతం ఉండేది. వేల ఏళ్లుగా అక్కడి తెగలు చెక్క మంచెలు కట్టుకుని సాల్మన్ చేపలు పట్టేవాళ్లు. చేపలు పట్టుకునే హక్కుని 1855 ఒప్పందాల్లో అమెరికా ప్రభుత్వమే రాసిచ్చింది. తర్వాత ది డాల్స్ డ్యామ్ కట్టారు. 1957 మార్చి 10న గేట్లు మూశారు. కొన్ని గంటల్లోనే సెలైలో మునిగిపోయింది. ఐదేళ్ల తర్వాత ఈ నవల వచ్చింది.

ఇప్పుడు 'కంబైన్' అన్న మాట మళ్లీ గుర్తు చేసుకోండి. ఒక పెద్ద యంత్రం వచ్చి నదినీ, ఊరినీ, తండ్రినీ మింగేసిందని ఈయనంటే హాస్పిటల్ దాన్ని జబ్బు లక్షణంగా చూసింది. ఆ యంత్రానికి గేట్లున్నాయి, టర్బైన్లున్నాయి, ప్రారంభించిన తేదీ కూడా ఉంది. గోడల్లో మెషీన్లున్నాయన్న మాట తప్పు. తన జీవితం మీదికి ఒక మెషీన్ వచ్చిందన్న మాట తప్పు కాదు.

ఇక్కడిదాకా వింటే మీకు అనిపించొచ్చు, 'సరే, పిచ్చివాడే నిజం చెప్తాడు, తెలివైనవాళ్లే అబద్ధం' అని. సినిమాల్లో మనకి బాగా అలవాటైన ఫార్ములా అది. ఊరి పిచ్చోడు అనే మాటే చివరికి నిజమవుతుంది. నేను దానికి ఒప్పుకోను. మూడో డబ్బా తెరిస్తే ఎందుకో తెలుస్తుంది.

మూడో డబ్బా, మనుషుల మీద తీర్పులు.

నర్స్ రాచెడ్ ఈయన కళ్లకి మనిషిలా కనపడదు. ఉబ్బి ట్రాక్టరంత అవుతుంది, మళ్లీ బొమ్మలా మారిపోతుంది. ఆవిడ ఎక్కడ పుట్టింది, ఇంటికెళ్లి ఏం చేస్తుంది, దేనికి భయపడుతుంది, ఏదీ మనకి తెలీదు. నవలలో అదుపు చేసే ఆడవాళ్లంతా విలన్లే. బ్రోమ్‌డెన్ తల్లి, బిల్లీ తల్లి, హార్డింగ్ భార్య, ఎవరికీ మంచి పేరు లేదు. నల్లజాతి వార్డ్ బాయ్స్ గురించి రాసిన తీరు చదువుతుంటే ఇవాళ ఇబ్బందిగానే ఉంటుంది. వాళ్లలో ద్వేషం తప్ప ఇంకేమీ చూపించడు. చాలామంది విమర్శకులు ఈ రెండు విషయాల్లో నవలని గట్టిగానే తప్పుపట్టారు.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. ఈ కథకుడు మనల్ని ఎక్కువ తప్పుదారి పట్టించేది పొగమంచు దగ్గర కాదు. పొగమంచు చూడగానే మనం అలర్ట్ అయిపోతాం. ఆడవాళ్ల గురించి, నల్లవాళ్ల గురించి చెప్పినప్పుడు మాత్రం గమనించకుండా దాటేస్తాం. ఎందుకంటే ఆ మాటల్లో పిచ్చి లేదు. 1962లో ఆసుపత్రి బయట, ఏ జబ్బూ లేని లక్షలమంది అలాగే అనుకునేవాళ్లు. జబ్బు వల్ల వచ్చిన తప్పుని పట్టుకోవడం తేలిక. అందరికీ ఉన్న దురభిప్రాయం వల్ల వచ్చిన తప్పుని పట్టుకోవడమే కష్టం.

ఇక క్లైమాక్స్. మెక్‌మర్ఫీకి లోబోటమీ చేస్తారు, అంటే మెదడు ఆపరేషన్. చూపు ఖాళీ అయిపోయిన మనిషిని తెచ్చి వార్డులో పడుకోబెడతారు. ఇది మెక్‌మర్ఫీ కాదు, వాణ్ణి ఇలా ఉంచితే వాడు ఒప్పుకునేవాడు కాదు అని బ్రోమ్‌డెన్ తేల్చుకుంటాడు. దిండుతో ఊపిరాడకుండా చేసి చంపేస్తాడు. తర్వాత పెద్ద ప్యానెల్ ఎత్తి కిటికీలోంచి విసిరి పారిపోతాడు.

సినిమాలో ఆ సీన్‌కి మ్యూజిక్ వస్తుంది, మనకి కళ్లు చెమరుస్తాయి. నవల చదివేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఆ మంచం మీద ఉన్న మనిషి ఏం కోరుకున్నాడో చెప్పే నోరు లేదు. ఆయన తరఫున మాట్లాడింది ఒక్క బ్రోమ్‌డెనే. జీవితమంతా ఇతరులు తన తరఫున తేల్చేసినందుకు నలిగిపోయిన మనిషి, చివరికి ఇంకో నోరులేని మనిషి తరఫున తనే తేల్చేశాడు. అది దయా, కాదా? నేనైతే పూర్తిగా దయ అనలేను. కానీ దీన్ని పిచ్చి ఖాతాలో మాత్రం వేయను. మంచి బుద్ధితో ఉన్న మనిషి కూడా ఆ పని చేసి ఉండేవాడేమో. అందుకే అది భయపెడుతుంది.

ఇప్పుడు మీరు అడగొచ్చు. సరే, పిచ్చివాడి మాట ఇలా మూడు డబ్బాల్లో వేశాం. మరి తెలివైనవాడి మాట నేరుగా నమ్మేయొచ్చా? దానికి నిజంగా జరిగిన కథ ఒకటి చెప్తాను.

1973లో డేవిడ్ రోజెన్‌హాన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. తనతో కలిపి ఎనిమిదిమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, చెవిలో ఏవో గొంతులు వినిపిస్తున్నాయని చెప్పి 12 ఆసుపత్రుల్లో చేరారట. చేరిన వెంటనే మామూలుగా ప్రవర్తించారు. అయినా సగటున 19 రోజులు లోపలే ఉంచారు. వాళ్లు నోట్స్ రాసుకుంటుంటే దాన్ని కూడా జబ్బు లక్షణంగా చూశారని రాశాడు. పిచ్చివాళ్లెవరో కానివాళ్లెవరో ఆసుపత్రులకే తెలీదని ప్రపంచమంతా గోల. దశాబ్దాల పాటు సైకాలజీ పాఠాల్లో దీన్ని చెప్పారు.

2019లో సుసానా కహలన్ అనే జర్నలిస్ట్ ఒక పుస్తకం రాసింది. ఒకప్పుడు ఆవిడ మెదడుకొచ్చిన జబ్బునే మానసిక జబ్బుగా పొరబడ్డారు, అందుకే ఈ సబ్జెక్ట్ మీద పట్టుదల. రోజెన్‌హాన్ చేరినప్పటి ఆసుపత్రి రికార్డు తీసి చూస్తే, ఆయన చెప్పింది గొంతుల గురించి మాత్రమే కాదు. చచ్చిపోవాలనిపిస్తోందని కూడా చెప్పినట్టు ఉంది. అలాంటి మనిషిని డాక్టర్లు ఉంచుకోవడంలో వింతేముంది? ఆ ఎనిమిదిమందిలో చాలామంది అసలు ఎవరో ఎంత వెతికినా దొరకలేదు.

చూడండి ఎలా తిరిగిందో. పిచ్చాసుపత్రిలోంచి కథ చెప్పిన ఇద్దరు కథకులు. ఒకడు నవలలో పేషెంట్, వాడి మాటల్లో డ్యామ్ నిజమైంది. ఇంకొకడు పేరున్న ప్రొఫెసర్, ఆయన కథకే రికార్డు ఎదురు తిరిగింది. డాక్టరేట్ చూసి నమ్మేయడం, డయాగ్నసిస్ చూసి కొట్టేయడం, రెండూ ఒకే తప్పు. మాటని చూడకుండా మనిషి మీద అంటించిన లేబుల్ చూడటం.

ఇంకోమాట, కెన్ కీజీ ఈ నవల ఎక్కడ రాశాడు? కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో మానసిక రోగుల వార్డులో నైట్ షిఫ్ట్ చేస్తూ. అదే ఆసుపత్రిలో ఎల్ఎస్‌డీ లాంటి మందుల ప్రయోగాలకి డబ్బు తీసుకుని వాలంటీర్‌గా కూడా వెళ్లాడు. అంటే తాళాలు పట్టుకున్నవాడుగానూ ఉన్నాడు, మత్తులో లేనివి చూసినవాడుగానూ ఉన్నాడు. బ్రోమ్‌డెన్ చేతికి కథ ఇవ్వడం ఆయనకి అంత ముఖ్యం. సినిమాలో బ్రోమ్‌డెన్ గొంతు తీసేసి మెక్‌మర్ఫీ మీద కెమెరా పెట్టారని కోపంతో కోర్టుకి కూడా వెళ్లాడు. పేషెంట్ నోట్లోంచి కథ తీసి పక్కన పెట్టేశారని ఆయన బాధ. సినిమా గొప్పదే. కానీ మనం ఇవాళ మాట్లాడుకుంటున్న ప్రశ్న మాత్రం దాంట్లో లేదు.

ఇప్పుడు మన సంగతి.

మన దగ్గర ఒక జోక్ ఉంది. ఎవడైనా తేడాగా మాట్లాడితే హైదరాబాద్‌లో 'వీణ్ణి ఎర్రగడ్డలో పడేయాలి' అంటారు. అక్కడ మానసిక ఆసుపత్రి ఉంది కాబట్టి ఊరి పేరే తిట్టయిపోయింది. జోక్ వరకు సరే. కానీ ఇంట్లో డిప్రెషన్‌కి మందులు వాడుతున్న అమ్మాయి 'ఆయన నన్ను కొడుతున్నాడు' అందనుకోండి. 'దానికి మైండ్ బాగోలేదు, అలాగే అంటుంది' అన్న ఒక్క మాటతో అది కొట్టుకుపోతుంది. స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడు 'నా వాటా పొలం రాయించేసుకున్నారు' అంటాడు. 'వాడి మాటలకేం' అంటారు. వాడికి గొంతులు వినిపించడం నిజం కావొచ్చు, పొలం పోవడం కూడా నిజం కావొచ్చు. గొంతుల గురించి డాక్టర్‌ని అడగాలి. పొలం గురించి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చూడాలి. రెండూ వేరు వేరు పనులు.

ఈ మాట మన చట్టం ఎప్పుడో చెప్పింది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 118లోనే ఉంది. మతి స్థిమితం లేనంత మాత్రాన మనిషి సాక్ష్యానికి పనికిరాడనడానికి లేదు. అడిగిన ప్రశ్న అర్థమై, సబబుగా జవాబు చెప్పగలిగితే చాలు. 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా ఇదే నియమం ఉంది. మాట్లాడలేని మనిషి రాసి చెప్పినా, సైగలతో చెప్పినా సాక్ష్యమే. అంటే చీఫ్ బ్రోమ్‌డెన్ మన కోర్టుకొస్తే, పిచ్చి, మూగ అన్న రెండు ముద్రలున్నా జడ్జి ఆయన్ని బయటికి పంపనక్కర్లేదు. ప్రశ్న వేస్తారు, జవాబు వింటారు, మిగతా సాక్ష్యాలతో పోల్చి చూస్తారు.

2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. సామాజిక హోదా, మతం, ఆర్థిక స్థితి, రాజకీయాలు చూసి ఎవరికీ మానసిక జబ్బు అంటగట్టకూడదని సెక్షన్ 3లో ఉంది. మనుషుల్ని గొలుసులతో కట్టకూడదు. మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాక్ ట్రీట్‌మెంట్ చేయకూడదు.

ఈ చివరి పాయింట్ కావాలనే చెప్తున్నా. ఈ నవల, సినిమా చూసి షాక్ ట్రీట్‌మెంట్ అంటే శిక్ష అని చాలామంది ఫిక్సయిపోయారు. నవలలో అది శిక్షే. ఇవాళ మత్తిచ్చి, డాక్టర్ల పర్యవేక్షణలో చేసే ఈసీటీ తీవ్రమైన డిప్రెషన్‌లో ప్రాణాలు నిలబెడుతోంది. మీ ఇంట్లో ఎవరికైనా డాక్టర్ అది సూచిస్తే నికల్సన్ ముఖం గుర్తు చేసుకుని పారిపోకండి. అనుమానాలన్నీ డాక్టర్‌నే అడగండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఫ్రీ కాల్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

మొదటి ప్రశ్నకి నా సమాధానం ఇది. బ్రోమ్‌డెన్‌కి జబ్బు ఉందా? ఉంది, అది దాచి ఆయన్ని హీరోని చేయనక్కర్లేదు. నమ్మొచ్చా? మనిషిని టోకున నమ్మనక్కర్లేదు, టోకున కొట్టేయనక్కర్లేదు. ఒక్కో మాటా తీసుకుని చూడాలి. పొగమంచు దగ్గర 'దేనికి భయపడుతున్నాడు?' అని అడగాలి. డ్యామ్ దగ్గర 'రికార్డు ఏమంటోంది?' అని అడగాలి. నర్సు దగ్గర 'ఆవిడే ఈ కథ చెప్తే ఎలా ఉండేది?' అని అడగాలి.

ఈసారి మీ ఇంట్లోనో, హాస్టల్లోనో ఎవరో 'వాడి మాట వదిలేయ్, వాడికి మెంటల్' అంటే ఒక్క ప్రశ్న వేయండి. 'సరే, ఇంతకీ వాడేమన్నాడు?' సగం సార్లు ఎదుటివాళ్ల దగ్గర జవాబుండదు. ఎందుకంటే వాళ్లు విననే లేదు.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. వీలైతే నవల చదవండి, ఓటింగ్ సీన్ దగ్గర కాస్త నెమ్మదిగా వెళ్లండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.